ఏ బుల్లెట్ వాడాలి మచ్చా?

తుపాకుల గురించి మన తరానికి తెలిసిందంతా రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి పబ్జీ, రెండోది ఫ్యాక్షన్ సినిమా. పబ్జీలో బుల్లెట్ అంటే ఒక నంబర్. తగిలితే ఎదుటివాడి హెల్త్ తగ్గుతుంది, అంతే. సినిమాలో అయితే తగిలినోడు గాల్లోకి లేచి వెనకున్న సుమో అద్దం మీద పడతాడు. నిజంగా బుల్లెట్ తగిలితే ఈ రెండూ జరగవు.

ఈ వారం ఈ గొడవంతా ఎందుకంటే, టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా పుంగనూరు ఫ్రెండ్ ఒకడు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. "మచ్చా, ఆఫీసోళ్లతో జింక వేటకు పోతాండాను. రైఫిల్ కాదు, హ్యాండ్‌గన్‌తోనే. ఏ బుల్లెట్ వాడాలో కొంచెం లెక్క చూసి చెప్పరా. నువ్వు మెకానికల్ కదా!" మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో బతుకుతున్న నా డిగ్రీకి ఇన్నేళ్లకు ఒకడు పని చెప్పాడు.

సరే అని లెక్క చూశాను. చూసేకొద్దీ అర్థమైందేంటంటే, ఇది టెక్సాస్‌లో ఆగే ప్రశ్న కాదు. కుప్పం అడవి దాకా వస్తుంది. ముందు వాడి ప్రశ్నకు జవాబు చెప్పుకుని, తర్వాత మన ఊరికి వద్దాం.

ఇంటర్ ఫిజిక్సే

మనం చేతిలో పట్టుకునే ఇత్తడి ముక్క మొత్తాన్నీ బుల్లెట్ అంటాం. నిజానికి దాని పేరు తూటా. అందులో నాలుగు భాగాలుంటాయి. బయట ఇత్తడి కేసు, అడుగున ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన లోహపు ముక్క. ట్రిగ్గర్ నొక్కితే ప్రైమర్ అంటుకుంటుంది, మందు కాలి గ్యాస్ అవుతుంది, ఆ ఒత్తిడికి మూతి దగ్గరున్న ముక్క ఊడి దూసుకుపోతుంది. ఆ ముక్క ఒక్కటే బుల్లెట్.

దాని శక్తి ఎంత అనేది ఇంటర్‌లో చదివిన ఫార్ములానే. సగం ఎం వి స్క్వేర్. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది.

ఇప్పుడు నంబర్లు చూడండి. కాన్పూర్‌లోని ప్రభుత్వ ఫ్యాక్టరీ తయారుచేసే పాయింట్ 32 రివాల్వర్ మన దగ్గర లైసెన్సు ఉన్నవాళ్లకు బాగా తెలిసిన గన్. దాని బుల్లెట్ బరువు 6 గ్రాముల పైచిలుకు, వేగం సెకనుకు సుమారు 215 మీటర్లు. లెక్క కడితే 150 జౌల్స్ వస్తాయి. పోలీసుల దగ్గర కనిపించే 9 ఎంఎం పిస్టల్‌కు 490 దాకా వస్తాయి. అమెరికావాళ్ల పాయింట్ 357 మాగ్నమ్ రివాల్వర్‌కు సుమారు 740. పాయింట్ 44 మాగ్నమ్‌కు బ్యారెల్ పొడవును బట్టి 1,000 నుంచి 1,300.

ఇదంతా చేతి తుపాకుల సంగతి. బెంగళూరులో ఉంటూ మనుషుల్ని తినే పులుల్ని వేటాడిన కెన్నెత్ ఆండర్సన్ పేరు వినే ఉంటారు. 1954లో వచ్చిన ఆయన పుస్తకంలో ఒక అధ్యాయం మన భాకరాపేట దగ్గర చామల లోయ పులి గురించే. ఆయన భుజాన ఉండేది పాయింట్ 405 వించెస్టర్ రైఫిల్. దాని బుల్లెట్ శక్తి 4,300 జౌల్స్ పైనే. అంటే మన పాయింట్ 32 రివాల్వర్‌కు దాదాపు ముప్పై రెట్లు.

జింక పులి కాదు కదా, చిన్న బుల్లెట్ చాలదా అనిపిస్తుంది. చాలదు. బాగా ఎదిగిన మగ దుప్పి 70 కిలోలు దాటుతుంది. భుజం దగ్గర గట్టి ఎముక, దాని వెనక పక్కటెముకలు, వాటి లోపల గుండె, ఊపిరితిత్తులు. అక్కడి దాకా చేరని బుల్లెట్ జింకను చంపదు, గాయపరుస్తుంది. అందుకే అమెరికాలో కొన్ని రాష్ట్రాలు దీన్ని చట్టంలోనే రాసుకున్నాయి. కొలరాడోలో హ్యాండ్‌గన్‌తో జింకను వేటాడాలంటే బుల్లెట్‌కు 50 గజాల దూరంలో కూడా సుమారు 745 జౌల్స్ మిగిలి ఉండాలి, లోపలికి వెళ్లాక విచ్చుకునే రకమై ఉండాలి. మామూలు పాయింట్ 357 తూటాకు గన్ మూతి దగ్గరే అంత శక్తి ఉండదు, 50 గజాల దగ్గర ఇంకెక్కడ ఉంటుంది? టెక్సాస్ ఇలాంటి నంబర్ ఏదీ పెట్టలేదు. పాయింట్ 22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలతో తెల్లతోక జింకను కాల్చకూడదని మాత్రం చెప్పింది.

శక్తి ఉంటే సరిపోదు

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. రైఫిల్ బుల్లెట్ సెకనుకు 800 మీటర్ల వేగంతో వెళ్తే చుట్టూ ఉన్న కండ కూడా సాగి చిరిగిపోతుంది. హ్యాండ్‌గన్ బుల్లెట్ వేగం అందులో సగమే. కండ రబ్బరులా సాగి మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తుంది. అంటే చేతి తుపాకి బుల్లెట్ తాను నేరుగా తాకిన దాన్ని మాత్రమే పాడుచేస్తుంది. కాబట్టి అసలు చూడాల్సినవి మూడు. ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు వెళ్లింది, ఎంత వెడల్పు రంధ్రం చేసింది.

ఈ మూడింటినీ నిర్ణయించేది బుల్లెట్ తయారీ. రకాలు చాలా ఉన్నాయి గానీ ముఖ్యమైనవి ఇవీ:

మొత్తం రాగి తొడుగు ఉన్నది. లోపల సీసం, పైన రాగి. ఇది ఆకారం మారకుండా ఇటు నుంచి అటు దూరిపోతుంది. సన్నటి రంధ్రం పడుతుంది. జింక పరుగెత్తి పోయి ఎక్కడో పొదల్లో గంటల తర్వాత చచ్చిపోతుంది. షూటింగ్ ప్రాక్టీసుకు బాగుంటుంది, వేటకు పనికిరాదు.

హాలో పాయింట్. ముక్కు దగ్గర గుంట ఉంటుంది. లోపలికి వెళ్లగానే పువ్వులా విచ్చుకుంటుంది. కానీ షాపులో ఆత్మరక్షణ కోసం అమ్మే హాలో పాయింట్ మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. ఎఫ్‌బీఐ టెస్టుల్లో ఇది జెల్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాల లోపు ఆగాలి. అవతలికి దూరి ఇంకొకరికి తగలకూడదని. జింక భుజం ఎముక దగ్గరే ఇది తొందరపడి విచ్చుకుంటే ఊపిరితిత్తుల దాకా వెళ్లకపోవచ్చు.

సాఫ్ట్ పాయింట్. ముక్కు దగ్గర మాత్రమే సీసం బయటికి కనిపిస్తుంది. నిదానంగా విచ్చుకుంటుంది, లోతుకు వెళ్తుంది. వేట కోసం చేసిన బరువైన హాలో పాయింట్లు కూడా ఈ దారిలోనే పనిచేస్తాయి.

గట్టి సీసపు బుల్లెట్. ముక్కు చదునుగా ఉంటుంది. అసలు విచ్చుకోదు. చదును ముక్కు వల్ల రంధ్రం వెడల్పుగా పడుతుంది, రెండో వైపు నుంచి బయటికి వస్తుంది. అయితే విచ్చుకునే రకమే వాడాలన్న రూల్ ఉన్న చోట ఇది కుదరదు.

పూర్తి రాగి బుల్లెట్. ముక్కలవకుండా విచ్చుకుంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. సీసం బుల్లెట్ శరీరంలో చిన్న చిన్న తునకలుగా చెదురుతుంది. అవి మాంసంలో ఉండిపోతాయి. వేటగాళ్లు వదిలేసిన పేగులు తిన్న రాబందులు సీసం విషానికి చచ్చిపోతున్నాయని కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి వేటలో సీసం తూటాలనే పూర్తిగా నిషేధించింది.

మావాడికి నేను రాసిన జవాబు ఇది: "పాయింట్ 44 మాగ్నమ్. 15 గ్రాముల పైన బరువున్న సాఫ్ట్ పాయింట్, లేదంటే పూర్తి రాగిది. 50 గజాలు దాటితే కాల్చొద్దు. జింక పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందు కాలి వెనక, రెండు ఊపిరితిత్తుల మీదుగా పోవాలి. ఆ దూరంలో అరచేతంత చోట ప్రతిసారీ కొట్టలేకపోతే వేటకు పోవద్దు, రేంజ్‌కు పో."

గమనించారా? ఈ జవాబులో ప్రతి ముక్కా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. జింక ఎంత తొందరగా చచ్చిపోతుంది? బరువు, వేగం, ముక్కు ఆకారం, దూరం... అన్నీ దానికోసమే. ఆ లెక్కలో తేడా వస్తే జరిమానా కట్టేది కాల్చినోడు కాదు. పగిలిన దవడతోనో, విరిగిన కాలితోనో రెండు రోజులు అడవిలో తిరిగే జింక.

గన్ కంటే ముందు కాగితం

అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసా మీద వెళ్లినవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకుంటే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్నే. అందులో మనకు వర్తించేది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు. ఇన్‌స్టా ఫోటో కోసం ఫ్రెండ్ గన్ చేతిలోకి తీసుకునే ముందు ఇది గుర్తుండాలి. వీసా కోసం పడ్డ పాట్లన్నీ ఒక్క రీల్‌తో పోతాయి.

టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టిన ప్రతి వేటగాడూ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. అందులో నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి: కాల్చే ముందు అక్కడున్నది ఏంటో, దాని వెనక ఏముందో కళ్లతో చూసుకో. ఈ పాఠం మనకు కొత్తా? దశరథుడు చప్పుడు విని బాణం వేశాడు. ఏనుగు నీళ్లు తాగుతోందనుకున్నాడు. తగిలింది శ్రవణకుమారుడికి. పాండురాజు జింకల జంటను కొట్టాడు, శాపం తగిలింది. రాముడు బంగారు జింక వెనక పోయాడు, తర్వాత కథ తెలిసిందే. మన పురాణాల్లో జింక వేట ఒక్కసారీ బాగా ముగియలేదు.

తుపాకి ఇంట్లో ఉన్నప్పుడూ అంతే జాగ్రత్త కావాలి. 2024లో అమెరికాలో చదువుకుంటున్న ఒక తెలుగు కుర్రాడు కొత్త వేట తుపాకిని శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయాడన్న వార్త మనమంతా చదివాం. లోపల తూటా ఉందో లేదో రెండుసార్లు చూసుకోకుండా దాన్ని ముట్టుకోకూడదు.

అదే దుప్పి, రెండు చట్టాలు

ఇంతకీ టెక్సాస్‌లో మావాడు వేటాడబోయే జింక ఏది అని అడిగితే ఫోటో పంపాడు. చూసి నవ్వొచ్చింది. ఒళ్లంతా తెల్ల చుక్కలు. అది మన చుక్కల దుప్పే! అక్కడ దాన్ని యాక్సిస్ డీర్ అంటారు. 1932లో మన వైపు జాతిని టెక్సాస్‌కు తీసుకెళ్లి వదిలారు. అక్కడ దాన్ని తినే పులి లేదు, రేచుకుక్కల గుంపు లేదు. మందలు పెరిగిపోయాయి. అందుకే దానికి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితి లేదు. లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే చాలు.

అదే దుప్పి మన హార్స్‌లీ హిల్స్ కిందో, కుప్పం దగ్గరి కౌండిన్య అభయారణ్యంలోనో ఉంటే లెక్క పూర్తిగా వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదాకు వేట లేదు. ఏ జింకనైనా, ఏ బుల్లెట్‌తోనైనా. ఈ చట్టంలో వేట అంటే చంపడమే కాదు. ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, తరమడం, ఆ ప్రయత్నం చెయ్యడం కూడా వేటే. అభయారణ్యంలో చేస్తే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు. మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువైతే ఎక్కడ చంపినా అదే శిక్ష. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక ఆ షెడ్యూల్‌లోదే. 1998లో రాజస్థాన్‌లో కృష్ణజింకల్ని వేటాడిన కేసులో సల్మాన్ ఖాన్‌కు 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూర్ కోర్టు 5 ఏళ్ల శిక్ష వేసింది. తర్వాత బెయిల్, అప్పీలు నడిచాయి గానీ, 20 ఏళ్లయినా కేసు అంత పెద్ద హీరోను కూడా వదల్లేదు.

ఇది అన్యాయం కాదు. అక్కడ దుప్పి ఎక్కువైంది, తినే జంతువు లేదు. ఇక్కడ చిరుత దాని మీదే ఆధారపడి బతుకుతుంది. అడవిలో దుప్పి అయిపోతే చిరుత చూసేది ఊళ్లో మేకల్ని, కుక్కల్ని.

మన అడవిలో ఎవరూ అడగని ప్రశ్న

ఇప్పుడు అసలు సంగతి. చట్టం ఉంది కాబట్టి మన దగ్గర వేట లేదా? ఉంది. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో "దుప్పి మాంసం ఉండాది, ఎవురికన్నా కావాల్నా" అనే మెసేజ్ నేనే చూశాను. కింద నాలుగు థమ్సప్‌లు కూడా పడ్డాయి. ఆదివారం ఫామ్‌హౌస్ పార్టీలో దాన్ని స్పెషల్ ఐటమ్ లాగా వడ్డిస్తారు. తినేవాళ్లలో చాలామంది చదువుకున్నవాళ్లే, బెంగళూరు నుంచి వీకెండ్‌కు వచ్చిన మనలాంటి టెకీలే.

ఆ దుప్పి ఎట్లా చచ్చింది అని ఎవరూ అడగరు. నేను మావాడికి చెప్పిన మూడు ప్రశ్నలు — ఎక్కడ తగిలింది, ఎంత లోతు, ఎంత తొందరగా — వీటిని మన అడవికి వర్తింపజేసి చూడండి.

నాటు తుపాకి. గురి ఉండదు, శక్తికి లెక్క ఉండదు. లోపల కూరిన ఇనుప ముక్కలు చెదిరిపోతాయి. ఒకటి కడుపులో, ఒకటి కాలిలో తగిలితే జింక పడిపోదు, పారిపోతుంది.

ఉచ్చు. బైకు క్లచ్ వైరుతో చేసేది. మెడకు బిగిస్తే ఊపిరాడక, కాలికి బిగిస్తే తీగ ఎముక దాకా కోసుకుపోయి, రాత్రంతా గింజుకుని చస్తుంది.

నాటు బాంబు. అడవిపంది కోసం తిండిలో చుట్టి పెడతారు. కొరికిన జంతువు దవడ పేలిపోతుంది. అది పందే అయ్యుండాలని లేదు. మేతకు పోయిన ఆవు కావచ్చు. 2020లో కేరళలో కడుపుతో ఉన్న ఏనుగు ఇట్లాగే నోరు పగిలి, నీళ్లలో నిలబడి ప్రాణం వదిలింది.

కరెంటు తీగ. దీనికి అసలు గురి అనేదే లేదు. దుప్పి తగిలినా, ఏనుగు తగిలినా, తెల్లారుజామున మోటారు వెయ్యడానికి పోయే రైతు తగిలినా ఒకటే. ఇట్లా మనుషులు పోయిన వార్తలు మన జిల్లా పేజీలో కొత్త కాదు.

బుల్లెట్ ముక్కు గుంటగా ఉండాలా, చదునుగా ఉండాలా అని అక్కడ చట్టం దాకా వెళ్లి వాదించుకుంటున్నారు. ఇక్కడ క్లచ్ వైరుతో పని కానిచ్చేస్తున్నారు. టెక్సాస్‌లో వేటాడేవాడు మంచోడు, మదనపల్లెలో వేటాడేవాడు చెడ్డోడు అని నేను అనడం లేదు. అక్కడ ఎన్ని కొట్టాలి, దేనితో కొట్టాలి, ఎంత దూరం నుంచి కొట్టాలి అని ఎవరో ఒకరు లెక్క వేస్తున్నారు. ఇక్కడ చీకట్లో జరిగేదానికి లెక్క వేసేవాడే లేడు. ఆ జింకకు చట్టం కాపలా లేదు, కనీసం మంచి బుల్లెట్ కూడా లేదు.

మరి రైతు సంగతేంటి?

ఈ మాట అడగాల్సిందే. మదనపల్లె టమాటా రైతు అప్పు చేసి వేసిన పంటను ఒక్క రాత్రిలో పందులు తొక్కేస్తే, కుప్పం వైపు ఏనుగులు వరి మడిలో దిగితే, వాళ్ల ముందు నిలబడి వన్యప్రాణి ప్రేమ గురించి క్లాసు పీకడం ఏసీ రూములో కూర్చున్నోడికి తగదు. వచ్చే పరిహారం పోయిన పంటకు సరిపోవడం లేదని వాళ్లు చెప్పేది వినాలి.

కానీ చట్టంలో దారి పూర్తిగా మూసుకుపోలేదు. పంటకు ప్రమాదంగా మారిన జంతువు విషయంలో, అది మొదటి షెడ్యూల్‌లోది కాకపోతే, అదే 1972 చట్టంలోని 11వ సెక్షన్ కింద రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. 1959 ఆయుధాల చట్టంలో పంట కాపలా కోసం మజిల్ లోడింగ్ తుపాకికి లైసెన్సు ఇచ్చే అవకాశం ఉంది. అయితే ఆ లైసెన్సు వేటకు అనుమతి కాదు, రెండూ వేరు. పంట పోతే ఫోటోలు తీసి, అటవీ శాఖకు నష్టపరిహారం అర్జీ పెట్టొచ్చు. ఊళ్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న కుర్రాడు ఒక పెద్దాయనకు ఆ అర్జీ నింపి పెడితే, పది అవగాహన రీల్స్ కంటే అది ఎక్కువ పని.

మనం చెయ్యగలిగింది ఇంకో రెండున్నాయి. పొలం గట్టున చట్టవిరుద్ధంగా కరెంటు తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కు, ప్రమాదం జరిగితే 112కు ఫోన్ చెయ్యండి. రెండోది, దుప్పి మాంసం మెసేజ్ వస్తే థమ్సప్ పెట్టకండి. కొన్నా నేరమే, దగ్గర పెట్టుకున్నా నేరమే. అడిగేవాడు లేకపోతే ఉచ్చు వేసేవాడికి రేపు రాత్రి అడవిలో పని ఉండదు.

మావాడు నా జవాబు చదివి ఒక్క ముక్క రాశాడు. "ముందు కోర్సు చేస్తా మచ్చా. రేంజ్‌లో అరచేతంత చోట పడేదాకా జింక జోలికి పోను." పోతాడో లేదో వాడిష్టం. కానీ వాడు ఆ ప్రశ్న అడిగాడు. మన ఊళ్లో విస్తరి ముందు కూర్చున్నోళ్లు కూడా ఒకసారి అడిగి చూడండి — ఇది ఎట్లా చచ్చింది అని. జవాబు విన్నాక ముద్ద దిగితే అప్పుడు మాట్లాడుకుందాం.